ఖండే నవమికి ఆపిన మిషన్లు

"దీని నోట్లె నువ్వుగింజ నానది" అని మా అమ్మ నన్ను ఊరంతా చాటేది. నిజమే. ధర్మాబాద్ నుంచి నాందేడ్‌కు పొద్దున పోయే ప్యాసింజర్‌లో, ఆడవాళ్ల డబ్బాలో, సీటు కోసం నేను పెట్టుకోని కొట్లాట లేదు. అంత నోరున్నదాన్ని ఒక్క మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా మింగాను. దానివల్ల ఒక మనిషి పద్నాలుగేళ్ల కొలువు పోయింది. అదెట్లా పోయిందో రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాందేడ్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. నాది పదకొండు నెలల ఆర్డర్. పదకొండు నెలలు నిండగానే రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, పెద్దలకు మనసుంటే మళ్లీ ఇంకో పదకొండు నెలలకు ఇస్తారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మరాఠీ ఆయన. గోదావరికి వరదొస్తే నీళ్లు ఏ గల్లీ దాకా ఎక్కుతాయో కంప్యూటర్ మీద లెక్క కట్టాలని ఆయన పట్టుదల. దానికి పెద్ద మిషన్ కావాలి. కొనే తాహతు కాలేజీకి లేదు. అందుకని మూలన పడ్డవీ, పరీక్షల విభాగం వద్దన్నవీ, కొత్తగా వచ్చినవీ కలిపి పదహారు కంప్యూటర్లు పోగుచేయించారు. అన్నిటినీ తీగలతో ఒక సర్వర్‌కు కట్టి, పదహారూ కలిసి ఒకే లెక్క చేసేట్టు నేను కూర్చాను. దాన్ని క్లస్టర్ అంటారు. మా దాంట్లో పది కొత్తవి, ఆరు పాతవి. పాత ఆరింటిలో చిప్పు వేరే కంపెనీది, వేరే తరానిది. ఎద్దుకూ దున్నకూ కలిపి కాడి కట్టినట్టుండేది.

ఆ ల్యాబ్‌కు శిపాయి, అంటే ప్యూన్, కాకా. కుండల్‌వాడి అనే ఊరి మనిషి, యాభై దాటాయి. తలుపులు తీయడం, మిషన్లు తుడవడం, హెడ్ సర్ గదిలోని కాగితాలు పెద్దాఫీసుకు చేరవేయడం ఆయన పని. అందరి ముందూ నన్ను "మ్యాడం" అని మరాఠీలో మాట్లాడేవాడు, ఇద్దరమే ఉంటే "బిడ్డా" అని తెలుగులోకి దిగేవాడు. పద్నాలుగేళ్లుగా రోజుకూలీ కిందే ఉన్నాడు. ఆ ఏడు దీపావళికి కాయం చేసేవాళ్ల లిస్టులో ఆయన పేరెక్కింది. కాయం అయితే నెల జీతం, ముసలితనంలో పింఛను. ఆయన నాకు రోజుకొకసారైనా ఆ మాట చెప్పేవాడు.

"బిడ్డా, కాయం అయినంక మీ కాకమ్మను తుల్జాపూర్ తల్లి కాడికి దీస్కపోత. మొక్కున్నది. పదేండ్లయింది మొక్కి."

"ముందు ఆర్డర్ రానీ కాకా, తర్వాత మొక్కులు తీర్చుకుందువు" అని నేను కసిరేదాన్ని. నా కసురుకు ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు వరద లెక్క శ్రావణానికి ముందు మొదలైంది. పదహారు మిషన్లూ ఆగకుండా నడుస్తున్నాయి. ఎన్ని రోజులు ఆగకుండా నడిచాయో బోర్డు మీద రోజూ సుద్దముక్కతో రాసేదాన్ని. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు అయిపోతే జనరేటర్. ఇరవై, నలభై, అరవై. పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్లు వచ్చి ఆ అంకె చూసి పోయేవాళ్లు. నాకు ఒళ్లంతా గర్వమే. ఎవరైనా మిషన్ల దగ్గరికి వెళితే మీద పడి కరిచేదాన్ని.

ఎనభై మూడో రోజున ఖండే నవమి వచ్చింది. దసరాకు ముందునాడు, పనిముట్లకు పూజ చేసే రోజు. మా వైపు ఆ రోజు కొడవలి దగ్గర నుంచి లారీ దాకా అన్నీ ఆగుతాయి. నేను ఆపనన్నాను. నడుస్తుండగానే బొట్టు పెట్టమన్నాను. కాకా ఒప్పుకోలేదు.

"నడిసేదానికి పూజ ఎట్ల జేస్తరు బిడ్డా? నాగలి ఆపుతరు, బండి ఆపుతరు. సంవత్సరానికి ఒక్కనాడు దానికి గూడ ఇస్రాంతి గావాలె. ఆపకుంట బొట్టు వెడితే తల్లికి కోపమొస్తది."

"నీ తల్లికి కోపమొస్తే నేను చూసుకుంటా పో" అన్నాను.

ఆయన వెళ్లి హెడ్ సర్‌ను అడిగాడు. సర్ దేవుడి భయం ఉన్న మనిషి. "ఏక్ దివస్ చాలేల్" అన్నారు, ఒక రోజు ఆగితే ఏం కాదని. లెక్క ఎప్పటికప్పుడు సర్వర్‌లో భద్రమవుతూనే ఉంటుంది, ఆపినా పోదు. ఆపాను. బోర్డు మీది అంకె చెరిపేటప్పుడు మనసు చివుక్కుమంది. కాకా తడిగుడ్డతో పదహారింటినీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, ఒక్కోదానికి బంతిపూల దండ వేశాడు. తలుపు దగ్గరి వరసలో పాతవి ఆరూ ఉండేవి. అక్కడ కలశం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మామిడాకుతో నీళ్లు చల్లాడు. పేడాలు పంచాడు. అందరం తిన్నాం.

దసరా సెలవు గడిచి ఏకాదశి నాడు వెళ్లి మీట నొక్కాను.

మీట నొక్కగానే కంప్యూటర్‌లో అన్నిటికంటే ముందు లేవాల్సింది కెర్నెల్ అనే ప్రోగ్రాం. అది లేచి కూర్చుంటేనే తక్కినవన్నీ లేస్తాయి. మా పదహారింటిలో దేనికీ సొంత డిస్క్ లేదు. ఒక్కోదానికి ఒక ఫ్లాపీ ఉండేది. అది తీగ వెంట సర్వర్‌ను పిలిచి, అక్కడున్న కెర్నెల్‌ను తెచ్చుకునేది. పదహారింటికీ ఒకే కెర్నెల్, ఒకే గిన్నెలో వండి అందరికీ వడ్డించినట్టు. ఆ రోజు పది కొత్త మిషన్లు గబగబా లేచాయి. పాతవి ఆరూ సర్వర్‌ను పిలిచాయి, కెర్నెల్ తెచ్చుకున్నాయి, విప్పుకున్నాయి. "సరే, కెర్నెల్ మొదలవుతోంది" అని ఇంగ్లీషులో ఒక లైను తెర మీద పడింది. అంతే. ఆ తర్వాత ఒక అక్షరం లేదు. మళ్లీ ఆపి వేశాను. అదే లైను. ఆరింటికీ అదే.

ఎనభై మూడు రోజులు ఇసుమంత కూడా తొణకని మిషన్లు! తలుపు దగ్గరి వరసంతా చచ్చి కూర్చుంది. వాటి నెత్తిన ఎండిన కుంకుమ, వాడిపోయిన బంతిదండలు. కాకా చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే హెడ్ సర్ లోపలికొచ్చారు.

"కాకా, ఈడ నీళ్లు చల్లినవా?" అని గట్టిగా అరిచాను.

"జరంత చల్లిన బిడ్డా, శాస్త్రానికి. ఏమైంది?"

సర్ వైపు తిరిగి మరాఠీలో చెప్పాను. ఈ వరస మీద నీళ్లు చల్లారు సర్, లోపలికి దిగి ఉంటాయి అని. తెలుగులో అరిచింది మా ఇద్దరి మధ్య కోపం. మరాఠీలో చెప్పింది ఫిర్యాదు. ఆ తేడా నాకు తెలుసు, కాకాకూ తెలుసు. ఆయన చీపురు గోడకు ఆనించి చేతులు కట్టుకున్నాడు.

సర్ అక్కడే కేకలేశారు. వచ్చే నెల పరిశీలన కమిటీ వస్తోంది, లెక్క చూపించాలి, ఎవరు జవాబుదారీ అని. మధ్యాహ్నానికి కాకా మీద మెమో టైపు చేయించారని తెలిసింది. నిర్లక్ష్యం వల్ల ప్రయోగశాల సామాను పాడుచేశాడని. సంగతి విని కూడా నేను నా మిషన్ల గొడవలోనే ఉన్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకున్నాను. అనుకున్నమాట వాస్తవం, ఇప్పుడు దాచి లాభమేంటి?

మొదటిరోజు ఆరింటి మూతలు విప్పాను. కాకాయే ఒక్కోటీ ఎత్తుకుపోయి వరండాలో ఎండకు పెట్టాడు. నీడ జరిగినప్పుడల్లా మిషన్‌ను కూడా జరిపాడు. సాయంత్రం బిగించి వేస్తే అదే లైను. రెండోరోజు మెమరీ పట్టీలు కొత్తవాటిలోవి తీసి పాతవాటిలో పెట్టాను. అదే లైను. నెట్‌వర్క్ కార్డులు మార్చాను, తీగలు మార్చాను. మూడోరోజు పాతదాని ఫ్లాపీ తీసి కొత్త మిషన్‌లో పెడితే చక్కగా లేచింది. కొత్తదాని ఫ్లాపీ పాతదాంట్లో పెడితే మళ్లీ అక్కడే ఆగింది. ఎక్కడా తుప్పు లేదు, తడి మచ్చ లేదు. నీళ్లు దిగిన మిషన్ ఒక్కోటి ఒక్కో తీరున చావాలి. ఆరుకు ఆరు ఒకే లైను దగ్గర చావడమేంటి? ఆ అనుమానం మూడోరోజే వచ్చింది. ఇంటికి పోతూ రైల్లో కూడా అదే ఆలోచన. దాన్ని ముందుకు పోనియ్యలేదు నేను. పోనిస్తే ఎటు పోతుందో లోపల ఎక్కడో తెలుసేమో.

నాలుగోరోజు అటకమీది పెట్టెలోంచి రెండేళ్ల కిందటి లినక్స్ సీడీ ఒకటి తీశాను. సీడీ డ్రైవ్ ఒకటి తెచ్చి పాత మిషన్‌కు తగిలించి, సర్వర్‌తో పనిలేకుండా, ఆ సీడీలోని పాత కెర్నెల్‌తో లేపాను. లేచింది. తెర నిండా లైన్ల మీద లైన్లు పారాయి. రెండోది కూడా లేచింది. మూడోది కూడా. మిషన్లకు ఏ రోగమూ లేదు.

కుర్చీ సర్వర్ ముందుకు లాక్కున్నాను. సర్వర్‌లో కెర్నెల్‌ను ఏ ఏ ఎంపికలతో కట్టామో రాసి ఉండే ఫైలు తెరిచాను. చిప్పు రకం అని ఉన్నచోట కొత్త మిషన్ల చిప్పు పేరుంది. ఫైలు తారీఖు చూస్తే ఆషాఢంలోది. అప్పుడు గుర్తొచ్చింది. లెక్క మొదలైన వారానికి, తర్వాత వేయబోయే కొత్త నెట్‌వర్క్ కార్డు కోసం కెర్నెల్‌ను మళ్లీ కట్టింది నేనే. పనిలో పనిగా వేగం కూడా పెరుగుతుందని కొత్త చిప్పు రకం ఎంచాను. క్లస్టర్‌లో లేని ఇంకో కొత్త మిషన్ మీద పరీక్షించాను. లేచింది. పదహారింటికీ అదే కెర్నెల్ అని సర్వర్‌లో పెట్టేశాను. పాతదాని మీద ఒక్కసారి వేసి చూడలేదు. చూడాలంటే నడుస్తున్నదాన్ని ఆపాలి, ఆపితే బోర్డు మీద అంకె పోతుంది! నడుస్తున్నవి అంతకుముందు తెచ్చుకున్న కెర్నెల్‌తోనే నడుస్తూ పోయాయి. కొత్త కెర్నెల్‌లోని ఆజ్ఞలు పాత చిప్పుకు అర్థం కావు. కాబట్టి అవి ఏ రోజు ఆగినా మళ్లీ లేవవు. ఖండే నవమికి ఆగాయి. జనరేటర్ చెడి దీపావళికి ఆగినా అంతే జరిగేది.

పాత చిప్పు రకం ఎంచి కెర్నెల్ మళ్లీ కట్టాను. మధ్యాహ్నం మూడింటికి పదహారూ నడుస్తున్నాయి.

హెడ్ సర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఫ్యాన్ల చప్పుడు విని ఆయన ముఖం విప్పారింది. "ఎండిపోయాయా?" అని మరాఠీలో అడిగారు.

"హో సర్" అన్నాను, అవునని.

నేనన్నది ఆ రెండు మాటలే. నా పదకొండు నెలలు దీపావళికి నిండుతున్నాయి. మా నాన్న ధర్మాబాద్ మార్కెట్‌లో గుమాస్తాగా ఉండి పక్షవాతంతో మంచాన పడి ఏడాది. ఇవన్నీ నిజాలే. కానీ నేను భయపడింది అన్నం కోసమేనా అంటే, కాదు. నాకంటే తెలిసినవాళ్లు లేరని ఆ కాలేజీ అంతా అనుకునేది. ఆ మాట పోతుందని భయం. సర్‌తో రేపు చెబుదాం అనుకున్నాను. తెల్లారింది. మెమో ఏకాదశి నాడే టైపయింది కదా, ఆనాడే పెద్దాఫీసుకు పోయి ఉంటుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకున్నాను. ఆ మాట నాకు ఎంత హాయిగా ఉండిందంటే, మెమో నిజంగా పోయిందా లేదా అని కనుక్కోవడానికి కూడా వెళ్లలేదు.

దీపావళికి లిస్టు వచ్చింది. కాకా పేరు లేదు. అంతటితో కాలేదు. ఒకటో తారీఖు నుంచి రోజుకూలీకి కూడా రావద్దన్నారు. నా ఆర్డర్ మాత్రం మళ్లీ పదకొండు నెలలకు వచ్చింది.

ఆఖరి రోజు ఆయన ల్యాబ్ తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. ఇద్దరమే ఉన్నాం. తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి, తీయకుండా అట్లాగే చేయి దానిమీద ఉంచాడు.

"నాతోని తప్పయింది బిడ్డా. మూర్ఖంగ నీళ్లు జల్లిన. నాలుగు దినాలు తిండి లేకుంట వాటితోని తన్లాడితివి. నా వల్ల సర్ దగ్గర నీకు గూడ మాటొచ్చింది. మనసుల వెట్టుకోకు."

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

"పర్వాలేదులే కాకా" అన్నాను.

థూ! ఆ మాట గుర్తొస్తే ఈ రోజుకీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేను ఆయన్ని క్షమించాను! ఆయన నా తలమీద చేయి పెట్టి, మెట్లు దిగి, బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

ఏడేళ్లు పోయాయి. ఆ మధ్యలో నేను కాయం అయ్యాను. క్లస్టర్ ఎప్పుడో తుక్కు కింద పోయింది. సగరోళిలో ఒక బడిపిల్లలకు కంప్యూటర్ల గురించి చెప్పడానికి పిలిస్తే వెళ్లి, తిరుగు ప్రయాణంలో కుండల్‌వాడిలో దిగాను. కావాలనే దిగాను. అడిగితే చూపించారు. బజారు వెనక పిండిగిర్నిలో కూర్చున్నాడు కాకా. గిర్ని వేరే వాళ్లది, ఈయన నడిపిస్తాడు. కనుబొమ్మలు, మీసాలు పిండితో తెల్లగా ఉన్నాయి. లోపల ఉన్న తెలుపెంతో, పైన పడ్డ పిండెంతో తెలియలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఓ, నా బిడ్డ అచ్చింది!" అని పక్క దుకాణపాయనకు వినిపించేట్టు అన్నాడు. "గీ బిడ్డ గొప్పది. నేను ఆరు మిషన్లు కరాబ్ జేస్తె, నాలుగు దినాలల్ల మల్ల పానం వోసింది."

చాయ్ తెప్పించాడు. కాకమ్మ గురించి అడిగితే, పోయి మూడేళ్లయిందన్నాడు. తుల్జాపూర్ పోయారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో మాట ఆయనే చెప్పాడు. ఖండే నవమికి గిర్నికి బొట్టు పెట్టేది యజమాని భార్యేనట, ఆ రోజు ఈయన గిర్ని గడప తొక్కడట. "నా శెయ్యి మంచిది గాదు బిడ్డా, మిషన్లకు వడది" అన్నాడు నవ్వుతూ.

ఇక ఆగలేకపోయాను. చాయ్ కింద పెట్టి అంతా చెప్పాను. నీళ్ల వల్ల కాదు కాకా, నా తప్పు. నేనే కెర్నెల్ తప్పుగా కట్టి పెట్టాను. నువ్వు ఆపినా ఆపకపోయినా, నీళ్లు చల్లినా చల్లకపోయినా అవి లేచేవి కావు. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఆయనకు కెర్నెల్ ఏమిటో తెలియదు. కానీ తనవల్ల కాదన్నది తెలిసింది. చాలాసేపు తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నీకు ఎన్నో నాటికి ఎరుకైంది?" అని అడిగాడు.

"నాలుగోనాడు. పదహారూ నడిచిన దినమే. కానీ కాకా, అప్పటికే మెమో పెద్దాఫీసుకు పోయింది కదా. ఏకాదశి నాడే..."

"యాడ వోయింది?" అన్నాడు. గొంతు లేపలేదు. "సర్ సంతకం వెట్టక టేబుల్ మీదనే వడి ఉండె. రోజు దుమ్ము దులిపి దాన్ని పక్కకు జరిపేటోణ్ణి నేనే. అది నా కాయిదమని నాకెవలు జెప్పిండ్రు, నాకు సదువొస్తదా? కోజాగిరి పున్నం ఎల్లినంక నాలుగోనాడు సర్ దాన్ని లిఫాఫల వెట్టి నా శేతికే ఇచ్చిండు, ఆఫీసుల ఇచ్చి రమ్మని. నేనే దీస్కవోయి ఇచ్చిన. క్లార్కు ఇప్పి సదివి నా మొఖం జూసిండు. అప్పుడు ఎరుకైంది."

వేళ్లు మడిచాడు. ఏకాదశి నుంచి నాలుగోనాడంటే పున్నానికి ముందురోజు. పున్నంతో మొదలుపెట్టి ఒక్కో వేలూ మడుస్తూ పోయి, ఒక చెయ్యి నిండగానే ఆగాడు.

"నడుమల ఐదు దినాలుండె గద బిడ్డా."

"ఉండె కాకా" అన్నాను.